హాజరు పుస్తకం – 13: పురిట్లో పడుకున్న మనిషి

ఎక్కడున్నాం మనం? లాకప్పు దగ్గర ఉన్నాం. ఎరుకల చిన్న ఈరన్న లోపల, స్టేషను రైటరు దావీదురాజు, అంటే నేను, బయట.

పోయిన సోమవారం మిట్టమధ్యాహ్నం నారపరెడ్డి ఎద్దుల జత చేని గట్టు మీద నుంచి మాయమైంది. సాయంత్రం నాలుగింటికి నేను ఎరుకల గుడిసెలకు పోయి, ఆరుగురు మగవాళ్ళలో ఎవరు ఇంట్లో ఉన్నారో, ఎవరు లేరో చూసుకున్నాను. ఐదుగురు ఉన్నారు. చిన్న ఈరన్న పేరుకెదురుగా ‘గైరుహాజరు’ అని రాశాను. ఐదు రోజుల పాటు ఎవరి కంటా పడని వాడు శనివారం పొద్దున వంకలో స్నానం చేస్తూ మా వాళ్ళకు దొరికాడు. తిట్టినా, కొట్టినా, రెండు రోజులు నోరు విప్పలేదు. ఈ రోజు మళ్ళీ సోమవారం. నాలుగింటికి వాణ్ణి మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాలి. ఎస్సై గారు బేతంచెర్లలో సర్కిలు గారిని చూడబోయారు. నేనొక్కణ్ణే స్టేషన్లో ఉన్నప్పుడు, చంకలో పసిగుడ్డుతో ఒక ఆడమనిషి గేటు తోసుకుని వచ్చింది. పోయిన వారం మిమ్మల్ని ఆ గేటు దగ్గరే వదిలాను.

ముందుగా ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ఎరుకల ఇంట్లో పుట్టినవాడు పుట్టుకతోనే దొంగ అని తెల్లవాడు రాసిపెట్టిన చట్టం రద్దయి అప్పటికి ఏళ్ళు గడిచాయి. కర్నూల్లో మన ఆంధ్ర రాష్ట్రం జెండా కూడా ఎగిరింది. మరి పుస్తకం ఏమైందంటారా? బీరువాలో భద్రంగా ఉంది. అట్ట మీద పాత పేరు కనబడకుండా కొత్త కాగితం అంటించి ‘కేడీల జాబితా’ అని గుండ్రంగా రాసింది నేనే. అంటించడానికి గంజి కాచింది కూడా నేనే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వినండి.

ఆ వచ్చిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ఆ సోమవారం ఈరన్న గుడిసె ముందర నాకు చెంబుతో నీళ్ళిచ్చిన పిల్ల. ఈరన్న అత్త గిడ్డమ్మను ఎవరని అడిగితే, “నా చిన్న కూతురు సామీ” అంది. నేను ఈ స్టేషనుకు బదిలీ అయి వచ్చి రెండు నెలలే, ఎవరు ఎవరో నాకేం తెలుసు? నమ్మాను.

“ఏమ్మా, మీ అక్క ఎట్లుండాది? పచ్చిగుడ్డును ఎండలో ఎత్తుకొచ్చినావే?” అన్నాను.

“నాకు అక్క లేదు సామీ. ఉరుకుందమ్మంటే నేనే. ఈరన్న పెండ్లాన్ని.”

“మరి ఆ పొద్దు గుడిసెలో పండుకోనున్న బాలింత ఎవురు?”

ఆమె లాకప్పు వైపు చూసింది. ఈరన్న అప్పటికే లేచి ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. వద్దు, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఆడిస్తున్నాడు. ఆమె వాడికి వీపు చూపిస్తూ నా బల్ల పక్కన నాపబండ మీద కూలబడింది.

“నువ్వు ఎవుర్ని వెతుక్కుంటా వచ్చినావో ఆయప్పే సామీ.”

నాకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొగుణ్ణి విడిపించుకోవడానికి ఆడవాళ్ళు చెప్పే మాటలు చాలా విన్నాను. ఇట్లాంటిది మాత్రం వినలేదు.

“నవ్వు సామీ, నవ్వుతారనే మేము ఎవురికీ చెప్పం. మా ఇండ్లల్లో బిడ్డ పుడితే తండ్రి పురిట్లో పండుకుంటాడు. నాకు నొప్పులు మొదులుకాంగానే నా కోక ఆయప్ప కట్టుకున్యాడు, నా బొట్టు ఆయప్ప పెట్టుకున్యాడు. బిడ్డను కడిగి ఆయప్ప పక్కన పండబెట్న్యారు. ఇంగువ, బెల్లం, వాము అన్నీ ఆయప్పకే. నేను లేసి నీళ్ళు తేవాల, పందులకు కుడితి పోయాల. గాలీ ధూళీ తల్లిని వెతుక్కుంటా వస్తే ఆయప్ప కాడికి పోతాది. మొగ పానం గదా, తట్టుకుంటాడు. తల్లీబిడ్డా బతుకుతారు.”

“ఎన్ని దినాలు?”

“ఐదు దినాలు మంచం దిగగూడదు. ఆరో పొద్దు వంకలో తానం చేసి సొంత బట్టలు కట్టుకోవాల. ఆడనే గదా మీవోళ్ళు పట్టుకున్యది.”

లెక్క సరిపోయింది. ఐదు రోజులు మాయం, ఆరో రోజు వంకలో స్నానం. పరారీ అయినవాడు ఊరి పక్క వంకలో తీరిగ్గా ఒళ్ళు రుద్దుకుంటూ ఎందుకు దొరికాడో మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

“సరే. ఈరన్న యాడ అని అడిగితే, ఊర్లో లేడని మీయమ్మ ఎందుకు చెప్పె?”

“ఎవురడిగినా లేడనే చెప్పాల సామీ. పోలీసోళ్ళు అడిగినా అంతే, దేవుడడిగినా అంతే. ఉన్నాడంటే ఆ మాట గాలి ఇంటాది. పదకొండో పొద్దు బిడ్డకు పేరు పెట్టేదాకా ఆయప్ప నోటి నుంచి ఈ మాట రాగూడదు. వస్తే అదంతా మళ్ళీ బిడ్డ మిందికే వస్తాది. అందుకే మీరు ఎంత కొట్టినా పలకలే.”

పదకొండో పొద్దంటే గురువారం. మేజిస్ట్రేటు ఈ రోజు నాలుగింటికి. అప్పటికి గోడ గడియారంలో పన్నెండున్నర దాటింది.

పోయిన సోమవారం సాయంత్రం ఏం చూశానో ఒకసారి గుర్తు చేసుకున్నాను. పురుడు, లోపలికి రావద్దంటే ఏ మగవాడు గుమ్మం దాటతాడు? బయట నుంచే తొంగి చూశాను. ఎర్ర కోక, తల మీదిదాకా దుప్పటి, పక్కన పసిగుడ్డు, గుప్పుమని ఇంగువ వాసన. దుప్పటి కింద నుంచి రెండు పాదాలు బయటికి వచ్చాయి. పగుళ్ళు బారి ఇంత వెడల్పున ఉన్నాయి. అయ్యో, ఈ ఆడకూతురు ఎంత కష్టపడుతుందో పాపం అనుకున్నాను. జాలిపడ్డానే గాని అనుమానపడలేదు, సన్నాసిని.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నీళ్ళు ఇచ్చేటప్పుడు ఆ పిల్ల గుంజను పట్టుకుని నిలబడింది. చెంబు వణికింది. తెల్లవారుజామున కన్న మనిషి, ఎండలో బిందె మోసుకొచ్చి, తన మొగుడి మీద కేసు రాయడానికి వచ్చిన వాడికి దాహం తీర్చింది. మా స్టేషన్లో ఎరుకల ఇంటి నీళ్ళు తాగేది నేనొక్కణ్ణే. మాదిగ ఇంట్లో పుట్టి, మిషన్ బళ్ళో నాలుగక్షరాలు నేర్చి, ఖాకీ తొడుక్కున్నవాణ్ణి. ఊరి బావి దగ్గర నా చెంబు కూడా దూరమే. ఆ సంగతి తెలిసిన నేనే ఆ పుస్తకంలో ‘గైరుహాజరు’ అని రాశాను.

“ఈ మాట చెప్తే బిడ్డకు కీడని నువ్వే అంటాండావు. మళ్ళ ఎందుకు చెప్తివి?” అని అడిగాను.

ఆమె బిడ్డ ముఖం మీద ఈగను తోలింది.

“ఇంతకు ముందు రెండు సార్లు పండుకున్యాడు సామీ ఆయప్ప. ఒక తప్పు చేయలే, ఒక మాట జారలే. రెండు బిడ్డలూ నెల తిరక్కముందే పాయ. దేవుడు తీసకపోతే ఏడ్సి ఊరుకున్యాము. పోలీసోళ్ళు తీసకపోతే ఎవురి మింద ఏడ్సాల? మా నాయన్ను దొంగల కులమని సెటిల్‌మెంటుకు తోలిరి. మనిషీ రాలే, కబురూ రాలే. నేను చెప్పినానని ఆయప్ప నన్ను ఇడిసిపెట్టినా సరే. నువ్వు రాసిందాన్ని నువ్వే కొట్టెయ్యి.”

లాకప్పులో ఈరన్న ఊచల మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం మొదట నా సంగతే ఆలోచించాను. రికార్డు తప్పు రాశానని ఒప్పుకున్న రైటరుకు ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చొక్కా ఊడుతుంది. మైదుకూరులో నా పెద్దకూతురు చదువు ఆగిపోతుంది. మా ఆవిడ మళ్ళీ బండలు మోయడానికి పోవాలి. ఈ పిల్ల ఒక దినం ఆలస్యంగా వచ్చుంటే ఎంత బాగుండేది అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత ఆమె మెడ మీద కారే చెమట చూశాను. లేచి బీరువా తీశాను.

పుస్తకం తెరిచి, సిరాలో కలం ముంచి, ‘పై నమోదు పొరపాటున’ దాకా రాశాను. బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

ఎస్సై భుజంగరావు గారిది కృష్ణా జిల్లా. బి.ఎ. చదివినవాడు, తాగడు, లంచం పుచ్చుకోడు. ఈ మూడూ ఉన్న అధికారి మహా ప్రమాదం, దండం పెట్టి ఒప్పించుకోవడానికి పనికొచ్చే తప్పు వాడిలో ఒక్కటీ దొరకదు. లోపలికి వచ్చి టోపీ తీసి, ఆమెను చూశాడు, బిడ్డను చూశాడు, నా చేతిలో కలం చూశాడు.

“ఏం రాస్తున్నావయ్యా రైటరూ?”

చెప్పాను. నిలబడి, మొదటి నుంచి చివరిదాకా, పాదాల సంగతితో సహా చెప్పాను. ఆయన నవ్వలేదు. మధ్యలో ఒకసారి కూడా అడ్డం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని అంతా విన్నాడు.

“నిజమే అయ్యుంటుంది. ఇలాంటిది ఎవరూ కల్పించి చెప్పలేరు,” అన్నాడు.

నా గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. ఉరుకుందమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కబోయింది, బిడ్డ జారుతుంటే మళ్ళీ పట్టుకుంది.

“అయితే ఎద్దుల్ని ఎవరు తోలుకెళ్ళినట్టు?”

“తెలీదు సార్.”

“నాకూ తెలీదు. నారపరెడ్డి పొద్దున్నుంచి సర్కిలు గారి వరండాలో కూర్చున్నాడు. దుక్కి రోజులు దగ్గరకొచ్చాయి, నా ఎద్దులేవీ అని అడుగుతున్నాడు. సాయంత్రానికి మనిషిని కోర్టులో పెడతానని మాటిచ్చి వచ్చాను. ఆ గుడిసెల్లో ఆరుగురు మగాళ్ళు. ఈరన్న పేరు కొట్టేస్తే ఐదుగురు. ఎవర్ని రాయమంటావు?”

“వాళ్ళెవురూ కాదు సార్. ఐదుగురూ ఆ పొద్దు ఇండ్లల్లోనే ఉన్న్యారు. నేనే చూసినా, నేనే రాసినా.”

“నువ్వే రాశావు. ఇదీ నువ్వే రాశావు, ఇప్పుడు తప్పంటున్నావు. ఇది తప్పయితే అవి మాత్రం ఒప్పని నేనెలా నమ్మను?”

ఆయన నా ముందర నుంచి పుస్తకం తీసుకుని, నేను రాసిన సగం వాక్యం చదివి, మూసి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత ఉరుకుందమ్మ వైపు తిరిగాడు. గొంతు కూడా పెంచలేదు.

“ఏమ్మా, మీ ఆయన్ని ఇప్పుడే పంపించేస్తా. వెంట తీసుకెళ్ళు. వాడి బదులు ఎవర్ని తీసుకురమ్మంటావో ఒక్క పేరు చెప్పు.”

ఆ ఐదుగురూ ఎవరనుకున్నారు? ఒకడు ఆమె తోడబుట్టినవాడు అయ్యన్న. ఒకడు మేనమామ తిమ్మన్న, ఒంటికన్ను మనిషి, ఈతబుట్టలు అల్లుకుని బతికేవాడు. మిగతా ముగ్గురూ మరుదులు, బావలు. పరాయివాడు ఒక్కడు లేడు. ఉంటే మాత్రం చెబుతుందా? ఏమో, నాకు తెలియదు. చెప్పినా నేను తప్పుపట్టను.

“పేర్లు చెప్పేదానికి రాలే సామీ నేను,” అందామె. “ఆయప్ప ఇంట్లో ఉన్యాడని చెప్పేదానికి వచ్చినా.”

“ఆ మాట విన్నాను. పేరు చెప్పు.”

“మావోళ్ళు ఎవురూ తోలకపోలే సామీ.”

“సరే, తొందరేం లేదు. నాలుగింటిదాకా టైముంది. ఆలోచించుకో.”

బిడ్డ ఏడవడం మొదలుపెట్టింది. పాలివ్వడానికి ఆమె గోడ వైపు తిరిగింది. గుక్కపట్టిన బిడ్డ రొమ్ము అందుకోవడం లేదు. ఆమె భుజాలు కదులుతున్నాయి. నేను తలుపు దగ్గర నిలబడి ఆ వీపును చూస్తున్నాను. నోరు మూసుకుని ఉంటే ఒక్కడు పోయేవాడు. నిజం చెప్పినందుకు ఇప్పుడు ఐదుగురిలో ఒకణ్ణి ఆమె చేతులతోనే పట్టివ్వాలి. గడియారం ఒంటిగంట కొట్టింది.

“నేనే.”

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. రెండు రోజులుగా వినని గొంతు. ఈరన్న ఊచల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాచిన పెదవి మీద నెత్తురు ఎండిపోయింది.

“ఎద్దుల్ని తోలకపోయింది నేనే. ఆ పొద్దు నేను గుడిసెలో లే. ఆయమ్మ చెప్పేదంతా ఉత్తదే. పచ్చి బాలింత, తల తిరిగి మాట్లాడతాండాది. ఇంటికి తోలండి సామీ.”

“లేదు!” అని అరిచింది ఉరుకుందమ్మ. “అబద్దం సామీ! ఉన్యాడు, ఇంట్లోనే ఉన్యాడు!”

“నేను లే,” అన్నాడు వాడు మళ్ళీ, ఆమెను చూడకుండా.

ఐదుగురినీ కాపాడాడు, బిడ్డ కోసం అనవలసిన మాటా అనేశాడు. ఈరన్న లేడు. గాలి వింటే విననీ, వాడు ఇంట్లో లేడు. ఆ నమ్మకం నాకు లేదు, నేను ఏసు ప్రభువును నమ్మినవాణ్ణి. అయినా ఆ క్షణం వాడి కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

ఎస్సై గారికి ఇవేవీ పట్టలేదు. కాగితాలు నా ముందరికి తోశాడు.

“రాసుకో. చూడు ఈరన్నా, పోలీసు దగ్గర చెప్పింది చెల్లదు. ఇదే మాట మేజిస్ట్రేటు గారి ముందర చెప్పాలి, తడబడకూడదు. ఎక్కడ అమ్మావు?”

“కోసిగి పక్క. ఎవురో తెల్దు.”

“ఎద్దులు ఎలాంటివి?”

వాడికి తెలియదు. ఎట్లా తెలుస్తుంది? ఆ జతను నారపరెడ్డి అంతకు ముందు శనివారమే ఆదోని సంతలో కొన్నాడు, సోమవారం పోగొట్టుకున్నాడు. ఊళ్ళోనే సగం మంది వాటిని చూడలేదు. దొంగతనం చేశానన్నవాడు తన దొంగసొత్తు ఏ రంగులో ఉందో తెలియక, పరీక్షలో కూర్చున్న పిల్లవాడిలా నా వైపు చూశాడు.

“మర్చిపోయినట్టున్నాడు,” అన్నాడు ఎస్సై. “కంప్లయింటు రాసుకుంది నువ్వే గదా రైటరూ. గుర్తు చెయ్యి వాడికి.”

కంప్లయింటు రాసుకుంది నేనే. రెండూ తెల్ల ఎద్దులు, ఎలపట దానికి, అంటే కాడికి కుడి పక్క కట్టేదానికి, ఒక కొమ్ము విరిగింది. ఆ కాగితం కింద ఎస్సై గారు చదవకుండా సంతకం చేశారు, అన్ని కాగితాలకూ అట్లాగే చేస్తారు. అది శుక్రవారమే కోర్టుకు పోయింది. సాయంత్రం మేజిస్ట్రేటు గారు ఆ కంప్లయింటూ, ఈరన్న చెప్పిందీ, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ముసలాయన, అద్దాలు సవరించుకుని ప్రతి అక్షరం చదివే రకం, రెండూ పొసగకపోతే ఒప్పుకోడు.

ఈరన్నను విడిపించడానికి నాకు వేరే దారి కనబడలేదు. దొరికిపోతే నేనేమవుతానో ఆలోచించడానికి కూడా టైము లేదు.

“ఒగటి ఎర్రది, ఒగటి నల్లది. రెండిటికీ నిండు కొమ్ములు,” అన్నాను.

“ఒగటి ఎర్రది, ఒగటి నల్లది,” అన్నాడు ఈరన్న. “రెండిటికీ నిండు కొమ్ములు.”

రాశాను. ఉరుకుందమ్మ లేచి వచ్చి నా బల్ల ముందర నిలబడింది. నేను వాడికి చదువు చెప్పి జైలుకు పంపిస్తున్నానని ఆమెకు అర్థమైంది.

“నీ నోట్లో మన్ను పడ! నీ దగ్గరికా నేను వచ్చింది? నీకా నేను చెప్పుకున్యది?” అని దుమ్మెత్తి పోసింది. “నీ పిల్లోళ్ళు నా పిల్లోళ్ళ మాదిరే పోవాల!”

ఆ మాట వచ్చి నా కూతురి మీద పడ్డట్టయింది. ఆమెకు ఒక్క ముక్క చెప్పే వీలు లేదు, మూడడుగుల దూరంలో ఎస్సై. తల దించుకుని, సిరా ఆరడానికి కాగితం మీద ఇసుక చల్లాను.

ఎస్సై గారు ఆ కాగితం తీసుకున్నారు. ఈసారి మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదివారు.

“బాగుంది. నారపరెడ్డి నా వెనకే జట్కా బండిలో బయలుదేరాడు, వచ్చేసే ఉంటాడు. కోర్టుకు పోయేముందు ఆయన ముందర ఒకసారి చదివి వినిపించు. సొత్తుదారుడు సరేనంటే ఇక ఏ చిక్కూ ఉండదు.”

నేను ఏదో అనబోయే లోపలే గేటు దగ్గర బండి ఆగింది. నారపరెడ్డి కండువాతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకున్నాడు.

“ఏమప్పా రైటరూ, దొంగ నోరు తెర్సినాడంట గదా. చదువు. నా ఎద్దుల సంగతి నేను కూడా ఇంటా.”

ఎస్సై గారు కాగితం నా చేతిలో పెట్టారు. ఉరుకుందమ్మ బిడ్డను రొమ్ముకు అదుముకుని నా నోటి వైపే చూస్తోంది. లాకప్పులో ఈరన్న కళ్ళు మూసుకుని, సాయంత్రం తప్పు పోకూడదని, నేను నేర్పింది నేర్పినట్టు మెల్లగా వల్లె వేసుకుంటున్నాడు.

“ఒగటి ఎర్రది, ఒగటి నల్లది. ఒగటి ఎర్రది, ఒగటి నల్లది.”